బయానా ఇవ్వకముందు

అమ్మాయ్,

కనిగిరి దగ్గర మూడెకరాలు చూశారనీ, వచ్చే వారమే బయానా ఇచ్చేస్తారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వు పంపిన ఫొటోలూ చూశాను. వేపచెట్టు బాగుంది. వెనకాల కొండ ఇంకా బాగుంది. కొండ ప్రభుత్వానిది, దాన్ని వదిలేద్దాం. సర్వే డిపార్టుమెంటులో ఉద్యోగమంతా గట్ల మీద తిరిగినవాణ్ణి. నా మాటలో కాస్త చాదస్తం ఉంటుంది. ఓపిగ్గా చదువు, అల్లుడికీ చదివి వినిపించు.

ఉద్యోగం చేసుకుంటున్న ఆడపిల్ల సొంత డబ్బుతో పొలం కొంటానంటే మేనమామగా నాకు ముచ్చటగానే ఉంది. రైతైతేనే కొనాలన్న నిబంధన మన రాష్ట్రంలో లేదు. మహారాష్ట్రలో ఉంది, కర్ణాటకలో 2020 దాకా ఉండేది. కాబట్టి నువ్వు కొనడానికి అడ్డేమీ లేదు. ఉన్నదల్లా తొందర. ‘ఇంకో పార్టీ ఆదివారం వస్తున్నారు’ అని బ్రోకరు చెప్పాడుగదా? ఆ పార్టీ ప్రతి ఆదివారం వస్తూనే ఉంటుంది, నేను ఉద్యోగంలో చేరిన రోజుల నుంచీ వస్తోంది.

నీకు పొలమంటే మట్టి, నీళ్ళు, చెట్టు. నాకు మాత్రం ముందు మనుషులు కనిపిస్తారు. నాలుగు హద్దుల్లో ఉన్న రైతులు, వాటా ఉండీ కనబడనివాళ్ళు, ఇప్పుడు దాన్ని దున్నుతున్నవాడు. అడంగల్, వన్‌ బీ ఇంట్లో కూర్చుని మీభూమి వెబ్‌సైటులో తీసుకోవచ్చు. వీళ్ళను మాత్రం వెళ్ళి పలకరించాల్సిందే.

బ్రోకరు లేకుండా ఒకసారి వెళ్ళండి. పొద్దున ఏడింటికి, చేలల్లో జనం ఉండే వేళకు. పక్క చేలో కంది కోయిస్తున్న మనిషి దగ్గర ఆగి, ‘పెద్దాయనా, ఈ చేను అమ్మకానికి పెట్టారంట గదా’ అను. ఆయన నీ ముఖం చూస్తాడు, నీ కారు చూస్తాడు, తీరిగ్గా తలగుడ్డ విప్పి దులుపుకుని, ‘ఎవరమ్ముతుండారు, పెద్దోడా, చిన్నోడా?’ అంటాడు. చూశావా, అన్నదమ్ములు ఇద్దరున్నారని అక్కడే తేలింది. నీకు చూపించింది ఒక్కణ్ణే. ఆ తర్వాత నువ్వేం అడక్కు, నిలబడు చాలు. బోరు ఎప్పుడు ఎండిందీ, గట్టు గొడవ ఎవరితో ఉందీ, అన్నీ ఆయనే చెబుతాడు. తలా ఒక మాట వింటేగాని నిజం తేలదు కాబట్టి నాలుగు వైపుల వాళ్ళనూ అడుగు.

అన్నదమ్ముల సంగతి ఎవరో ఒకరు చెబుతారు. ఆడపిల్లల సంగతి ఎవరూ చెప్పరు. అడంగల్లో వాళ్ళ పేరు ఉండదు, వన్‌ బీలో ఉండదు, అడిగితే ‘వాళ్ళకు కట్నం ఇచ్చి పంపేశాం గదమ్మా’ అంటారు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ ఎన్టీ రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అప్పటికే పెళ్ళయినవాళ్ళను వదిలేసింది. 2005లో కేంద్రం దేశమంతటికీ సవరణ తెచ్చినప్పుడు ఆ తేడా పోయింది. ఆనాటికి తండ్రి బతికుండాలా అన్న పేచీ చాలాకాలం నడిచింది. అవసరం లేదు, హక్కు పుట్టుకతోనే వచ్చిందని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతిగా జరిగిపోయిన పంపకాలను మాత్రం కదపలేదు. కోర్టులో ఇంత జరిగినా పల్లెలో లెక్క వేరుగానే ఉంటుంది. ఒంగోల్లోనో నరసరావుపేటలోనో కాపురం ఉన్న చెల్లెలికి, అన్న పొలం అమ్మిన కబురు ఏ పెళ్ళిలోనో తెలుస్తుంది. ఆవిడ వేసే దావాలో అన్నతోపాటు నువ్వూ ప్రతివాదివే.

అందుకని తాసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెప్పించమను. అందులో ఉన్న ప్రతి ఆడపడుచూ అమ్మకందారుగా సంతకం చేయాలి, లేదా ముందే హక్కు విడుదల పత్రం రిజిస్టరు చేసి ఇవ్వాలి. సాక్షి సంతకం పెట్టిస్తాం, అది చాలంటారు. చాలదు. ఇంకొక్కటి జాగ్రత్తగా అడుగు. మన వైపు పసుపు కుంకుమ కింద కూతురికి నోటిమాటగా ఎకరమో అరెకరమో రాసిచ్చినట్టే ఇచ్చేసే అలవాటుంది. కాగితం తండ్రి పేరుమీదే ఉండిపోతుంది, పంట డబ్బులు ఆవిడకు పోతుంటాయి. నువ్వు చూసిన మూడెకరాల్లో అలాంటి ముక్క ఉందేమో ఆ పక్క చేను పెద్దాయనకే తెలియాలి. ఆడపిల్లవు నువ్వే మరో ఆడపిల్ల వాటా తెలియక కొన్నావన్న మాట రాకూడదని నా ఆశ.

మీ తమ్ముడు డాలస్ నుంచి సగం డబ్బు వేస్తానన్నాడట, పత్రంలో ఇద్దరి పేర్లూ పెట్టమన్నాడట. పెట్టవద్దు. విదేశాల్లో స్థిరపడ్డ మనవాళ్ళు, ఓసీఐ కార్డువాళ్ళతో సహా, ఇక్కడ ఇళ్ళూ ఫ్లాట్లూ కొనుక్కోవచ్చుగానీ సాగుభూమి, తోట, ఫామ్‌హౌసు కొనకూడదు. ఫెమా చట్టం కింద ఉన్న నిబంధన అది. నీ పేరుతో కొని తర్వాత గిఫ్ట్ డీడ్ రాస్తానంటావేమో, అదీ కుదరదు. తాత ముత్తాతల పొలం వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. వాడు అక్కకు ప్రేమతో డబ్బు ఇస్తానంటే ఇవ్వనీ, బ్యాంకు ద్వారా ఇవ్వనీ. అయితే పొలం నీ ఒక్కదానిదే అని ఇద్దరూ మనసులో కూడా ఒప్పుకోవాలి. ‘పేరు నీది, సగం నాది’ అని వాట్సాప్‌లో రాసుకున్నారా, ఆ మాటే మీ ఇద్దరికీ బినామీ తలనొప్పి తెచ్చిపెడుతుంది.

ఇక కాగితాలు. లాయరు చూస్తాడు, అయినా నువ్వు చూడాల్సినవి కొన్ని చెబుతాను. ఆ సర్వే నంబరు 22ఏ జాబితాలో ఉందేమో మొదట చూడు. రిజిస్ట్రేషను చట్టం 22ఏ సెక్షను కింద నిషేధించిన భూములవి, ప్రభుత్వానివీ దేవాదాయానివీ వక్ఫువీ అసైన్డువీ. డీ పట్టా అన్న మాట చెవిన పడితే అక్కడితో ఆపెయ్. ఆ పట్టా మీద పేదలకు ఇచ్చిన అసైన్డు భూమి అమ్మకూడదని 1977లోనే చట్టం చేశారు. ఇరవై ఏళ్ళు దాటినవాటిని ఫ్రీహోల్డు చేస్తామని 2023లో సవరించారు, 2024లో ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. ‘రేపో మాపో తెరుస్తారు, చౌకగా వస్తోంది’ అని ఎవరైనా అంటే, తెరిచాకే కొంటానని చెప్పు. చుక్కల భూములని ఇంకో రకం ఉంది. బ్రిటిష్ కాలపు సర్వేలో పట్టాదారు పేరు రాయాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేసినవి. వాటిని చక్కదిద్దడానికి 2017లో ఏకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. పాత ఆర్‌ఎస్సార్ (రీసెటిల్‌మెంటు రిజిస్టరు) నకలు అడిగి ఆ గడి స్వయంగా చూడు.

ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ముప్పై ఏళ్ళకు తీయించు. రీసర్వే జరిగిన ఊరైతే పాత సర్వే నంబరు పోయి కొత్త ఎల్‌పీ నంబరు వచ్చి ఉంటుంది. ఒక్క కొత్త నంబరుతో వెతికితే ఏమీ లేనట్టే కనబడుతుంది, పాత లావాదేవీలన్నీ పాత నంబరు కింద నిద్రపోతుంటాయి. రెండింటితోనూ తీయించు. జాయింట్ ఎల్‌పీఎం అని రాసి ఉంటే నలుగురి భూమి కలిపి ఒకే నంబరు ఇచ్చారన్నమాట. అమ్మేవాడు దాన్ని విడదీయించుకుని వస్తేనే ముందుకు పోవాలి. ఈసీలో రిజిస్టరైనవే పడతాయి. నోటిమాట పంపకాలు, ఇంట్లో దాచిన వీలునామాలు, తెల్లకాగితం అగ్రిమెంట్లు అందులో ఉండవు. మళ్ళీ పక్క చేను పెద్దాయన దగ్గరికే వెళ్ళాలి, తప్పదు.

నా వృత్తి సంగతికి వచ్చాను కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను. అడంగల్లో మూడెకరాలని ఉంటే నేలమీద మూడెకరాలు ఉన్నట్టు కాదు. ఎఫ్‌ఎంబీ నకలు తీసుకో, అందులో ఆ సర్వే నంబరు బొమ్మ, కొలతలు ఉంటాయి. ఆ కొలతలు రాళ్ళమీద ఆధారపడ్డవి. ఒక ఊళ్ళో మూడు హద్దులు కలిసేచోట ఉండాల్సిన రాయి ఎంతకీ దొరకలేదు. నేనూ మా చైన్‌మనూ గొలుసు పట్టుకుని ఎండలో తిరిగి తిరిగి మంచినీళ్ళకని ఒక ఇంటి దొడ్లోకి వెళితే, ఆ ఇల్లాలు దానిమీదే బట్టలు ఉతుకుతోంది. ‘మా మామగారి కాలం నుంచీ ఇక్కడే ఉంది సార్’ అంది. రాయి కదిలితే గట్టు నడుస్తుంది. ఏటా దుక్కిలో ఒక చాలు లోపలికి తీస్తే పదేళ్ళకు గట్టు ఎక్కడుండాలో పాతవాళ్ళకు కూడా గుర్తుండదు. అరకల కాలంలో అది మెల్లగా జరిగేది, ట్రాక్టర్లు వచ్చాక ఒక్క పొద్దులో అయిపోతోంది.

కాబట్టి అమ్మేవాడి చేత ఎఫ్‌ లైను పిటిషను పెట్టించు. పట్టాదారుగా అతనే పెట్టాలి, సచివాలయంలో తీసుకుంటారు. చుట్టుపక్కల రైతులకు నోటీసులు వెళతాయి, సర్వేయరు వచ్చి అందరి ఎదుటా కొలుస్తాడు. ఆ రోజు నువ్వు అక్కడ ఉండాలి. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు మూతి ముడుచుకుని నిలబడ్డారు, అంతా చూడు. కొలతలో తేలిన విస్తీర్ణానికే డబ్బని అగ్రిమెంటులో రాయించు. మూడెకరాల్లో పదిహేను సెంట్లు తగ్గినా ‘పల్లెలో అదొక లెక్కా’ అంటారు. పదిహేను సెంట్లంటే 726 గజాలు. నువ్వుండే హైదరాబాదులో అంత జాగాలో అపార్టుమెంటు లేపుతారు.

ఆ ఎఫ్‌ఎంబీలోనే దారి చూడు. డొంక నీ చేను దాకా గీసి ఉంటే సరే. లేకపోతే నువ్వు కారులో వెళ్ళిన ఆ బాట ఎవరి చేలోంచో వాళ్ళ మంచితనం మీద పోతున్నట్టు లెక్క. పంట లేనప్పుడు పోనిచ్చినవాడు పొగాకు నాటాక పోనివ్వడు. దారి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, ఎన్ని అడుగులో రాయించుకుని, ఆ చేను ఆసామితో రిజిస్టరు చేయించుకోగలిగితేనే కొను.

నీళ్ళ గురించి నీకు కొత్తగా చెప్పేదేముంది, మీ అమ్మమ్మ వంగిన నడుము చూసి పెరిగావు. కనిగిరి, పొదిలి వైపు భూగర్భ జలంలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. అక్కడ ఇల్లు వేసుకుంటామంటున్నారుగదా, పక్క బోరు నీళ్ళు సీసాలో పట్టి పరీక్షకు ఇవ్వండి. బోరు ఉందని చూపిస్తే సంక్రాంతినాడు చూసి మురిసిపోవద్దు, మే నెల మధ్యాహ్నం మోటారు వేయించు, గంటసేపు పక్కనే కూర్చో. కొత్త బోరుకు వాల్టా చట్టం కింద అనుమతి కావాలి, దగ్గర్లో వేరే బోరుంటే రాకపోవచ్చు.

డబ్బు విషయంలో ఒకే మాట. ప్రభుత్వ విలువకే పత్రం రాసుకుందాం, మిగతాది చేతికివ్వండి అంటారు. ఒప్పుకోవద్దు. భూమి లావాదేవీలో ఇరవై వేలూ ఆపైన నగదు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. మునిసిపాలిటీకి తగినంత దూరంలో ఉన్న సాగుభూమి అమ్మితే వచ్చిన లాభం మీద ఎలాగూ పన్ను లేదు, కాబట్టి అమ్మేవాడికి దాచాల్సిన అగత్యం కూడా లేదు. నీకు మిగిలేది ఆ తేడా మీద కట్టాల్సిన స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చు, ఏడున్నర శాతం, అంతే. పొరపాటున పేచీ వచ్చి డబ్బు వాపసు అడగాల్సివస్తే, పత్రంలో లేని రూపాయిని ఏ కోర్టూ నీకు ఇప్పించలేదు.

అన్నీ సరిపోయి కొన్నారనే అనుకుందాం. రిజిస్ట్రేషనైన మర్నాడే ఫెన్సింగు వేయిస్తామని అల్లుడు అన్నాడట. కాస్త ఆగమను. ఇప్పుడు ఆ చేను కౌలుకు చేస్తున్నవాడు ఒకడున్నాడు, ఫొటోలో మూలన కనబడిన మిర్చి అతనిదే అయి ఉంటుంది. కాయ కోసుకుని పోయేదాకా ఆగుతామని అతనితో ముఖాముఖి చెప్పండి, గడువు మాత్రం కాగితం మీద రాసుకోండి. పంట తీశాక గొర్రెల మందలు ఆ చేల మీదుగా పోతాయి, రాత్రిళ్ళు మంద కడితే చేనుకు ఎరువు. నాలుగు పక్కలా ముళ్ళకంచె బిగిస్తే వాళ్ళ దారి పోతుంది, కంచె తీగె తెగుతుంది, తెంపింది ఎవరో ఎప్పటికీ తెలియదు. ఒక ఏడాది అందరి రాకపోకలూ చూసి, ఎక్కడ గేటు పెట్టాలో తెలుసుకుని అప్పుడు వేయండి.

ఈ శనివారం నేను కనిగిరి బస్టాండు దగ్గర ఏడింటికల్లా ఉంటాను. ఎఫ్‌ఎంబీ నకలు, పాత పాసుపుస్తకం జిరాక్సు తీసుకురా. అల్లుణ్ణి చెప్పులతో రావద్దను, బూట్లు వేసుకోమను, ఆ నేలలో పల్లేరుకాయలు ఎక్కువ.

మీ మావయ్య