ఊరికే చదివిన నవలకు బాకీ

శ్రీకాకుళం జిల్లా నిమ్మాడలో ఉన్నవాళ్లు నవల కొనాలంటే టెక్కలికో శ్రీకాకుళానికో బస్సెక్కాలి. చదవాలంటే మాత్రం ఇప్పుడు ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి లాంటి వేదికల వల్ల తెలుగు థ్రిల్లర్లు, ప్రేమ నవలలు లెక్కకు అందనన్ని ఫోన్‌లోనే ఊరికే దొరుకుతున్నాయి. పలాస జీడి పరిశ్రమలో పగలంతా పప్పు మీద పొట్టు తీసి వచ్చిన అమ్మాయి రాత్రి పడుకునే ముందు ఒక గంట చదువుకోగలుగుతోంది. ఇది మంచి మార్పు అని ముందే చెప్పాలి. నవల ధర రెండు మూడు వందల రూపాయలైతే చాలా ఇళ్ల గడప దాటి లోపలికి ఏ నవలా రాదు. అయితే ఇన్ని నవలలు చదువుతున్న మనం వాటి గురించి పైకి అనే మాటలు రెండే: ‘సూపర్’, ‘తర్వాతి భాగం ఎప్పుడు?’. నచ్చకపోతే మాట్లాడకుండా వదిలేస్తాం. ఈ మొహమాటం నవలకూ రచయితకూ మేలు చేయడం లేదనీ, డబ్బు పెట్టకుండా చదివిన పాఠకుడు ఆ రచనకు నిజాయితీ గల అభిప్రాయం ఒకటి బాకీ ఉంటాడనీ నా నమ్మకం.

ధర్మానికిచ్చిన ఆవుకు పళ్లు పట్టి చూడకూడదని మనకో సామెత ఉంది. రచయిత కష్టపడి రాసి ఊరికే ఇచ్చినప్పుడు తప్పులు వెతకడం మర్యాద కాదని చాలామంది మనస్ఫూర్తిగానే అనుకుంటారు. కానీ ధర్మానికొచ్చిన ఆవుకైనా గడ్డి వేయాల్సింది పుచ్చుకున్నవాడే. నవల మేసేది మన కాలాన్ని. ఎనభై భాగాల నవల ఒక మనిషి రాత్రుళ్లను నెలల తరబడి తీసుకుంటుంది. కూలి చేసుకునేవాళ్లకు ఆ గంట తప్ప తమదంటూ మరో గంట ఉండదు. వెల లేని నవల అంటే మరో అర్థం కూడా ఉంది, దానికి ముందు జల్లెడ లేదు. డెబ్బైల్లో, ఎనభైల్లో ఊరూరా ఉన్న అద్దె పుస్తకాల షాపుల్లో నవలకు రోజు లెక్కన పైసలు కట్టేవాళ్లు. బాగాలేని నవల మీద రెండో రోజు అద్దె ఎవరూ కట్టరు కాబట్టి షాపువాడు అలాంటిది మళ్లీ తెచ్చేవాడు కాదు. అంతకుముందే పత్రిక సంపాదకుడో ప్రచురణకర్తో ఒకసారి వడకట్టి ఉండేవాడు. ఆ అంచెలన్నీ పోయాక మిగిలిన జల్లెడ పాఠకుడి మాట ఒక్కటే. అది కూడా మర్యాద కోసం ఆగిపోతే మంచి నవలకూ నాసి నవలకూ తేడా చెప్పేవాళ్లుండరు.

ఊరికే దొరికేదంతా ఒకటి కాదని కూడా గుర్తుపెట్టుకోవాలి. గ్రంథాలయంలో పుస్తకం నిజానికి ఉచితం కాదు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనం కడుతూనే ఉన్నాం. రచయిత తానే పాఠకుల ముందుంచిన నవల రెండో రకం. దొంగతనంగా స్కాన్ చేసి ఫోన్లలో పంచే పాత నవలల పీడీఎఫ్‌లు మూడో రకం. మన చట్టం ప్రకారం రచయిత పోయాక మరో 60 ఏళ్ల వరకూ హక్కులు ఉంటాయి. వెయ్యి నవలలు రాసి రైల్వే స్టేషన్లలో ప్రయాణికుల చేత చదివించిన కొవ్వలి లక్ష్మీనరసింహారావు 1975లో పోయారు, ఆయన నవలలు అందరి సొత్తు కావడానికి 2036 రావాలి. 2018లో మరణించిన యద్దనపూడి సులోచనారాణి నవలలకైతే 2079 దాకా ఆగాలి. ఆ మూడో రకాన్ని నేను లెక్కలోకి తీసుకోను. దొంగ సొత్తు మీద అభిప్రాయం చెప్పే ముందు తీర్చాల్సిన బాకీ వేరే ఉంది. ఊరికే ఇచ్చేది విలువలేనిది అనే మాట కూడా నాకు అంగీకారం కాదు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో తెరిచిన కథానిలయం తెలుగు కథల్ని పోగుచేసి ఎవరి దగ్గరా డబ్బు తీసుకోకుండా చదివిస్తోంది. దాని విలువ గురించి మన జిల్లాలో ఎవరికీ సందేహం లేదు.

ఇక థ్రిల్లర్ల సంగతి. కాలక్షేపం కోసం రాసినదాన్ని సాహిత్యపు తూకంతో తూయడం అన్యాయం అంటారు. నిజమే, దాని తూకంతోనే దాన్ని తూద్దాం. థ్రిల్లర్ పాఠకుడికి ఒక మాట ఇస్తుంది: రహస్యం ఉంది, దాన్ని పట్టుకునే దారి నీ కళ్ల ముందే ఉంచుతాను అని. హంతకుడు కథ తొలి భాగంలోనే కనపడాలని 1929లో రొనాల్డ్ నాక్స్ డిటెక్టివ్ నవలలకు రాసిన పది నియమాల్లో మొదటిది చెప్తుంది. కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలల్ని తరాల పాఠకులు వదలకుండా చదవడానికి కారణం కేవలం ఉత్కంఠ కాదు. యుగంధర్ ఆలోచిస్తుంటే అసిస్టెంటు రాజుతో పాటు పాఠకుడూ ఆలోచించేవాడు. నేటి ఉచిత థ్రిల్లర్లలో నాకు ఎక్కువగా కనిపించే లోపం ఇక్కడే ఉంది. ప్రతి భాగం చివరా ఎవరో తలుపు కొడతారు, మరుసటి భాగం మొదట్లో అది పక్కింటావిడ అని తేలుతుంది. అరవై భాగాలు అలా గడిచాక, ఎన్నడూ పేరు వినని మేనమామ ఒకడు హంతకుడిగా దిగుతాడు. పాఠకుడిని కూర్చోబెట్టారు గానీ ఆలోచించనివ్వలేదు. కొన్ని యాప్‌లలో మొదటి భాగాలు ఊరికే చదవనిచ్చి, తర్వాతి భాగానికి నాణేలు ఖర్చుపెట్టమనో రేపటిదాకా ఆగమనో అంటారు. అలాంటి చోట తలుపు చప్పుడు కథకు అవసరమై వచ్చిందా, ఆ నాణేల తాళానికి అవసరమై వచ్చిందా అని పాఠకుడు అడిగి తీరాలి.

వారపత్రికల సీరియళ్లు మాత్రం ఉత్కంఠ దగ్గర ఆపలేదా అని ఎదురు ప్రశ్న వస్తుంది. ఆపాయి. కానీ వాటికి పేజీల హద్దు ఉండేది, ముగించమని చెప్పే సంపాదకుడుండేవాడు. అంతకన్నా గట్టి ఆధారం మన ఇళ్లలోనే ఉండేది. సీరియల్ పేజీలను వారం వారం చింపి దాచి, అయిపోయాక పుస్తకంగా బైండు చేయించుకునేవాళ్లు. మళ్లీ చదవాలనిపిస్తేనే ఎవరైనా డబ్బిచ్చి కుట్టిస్తారు. ఉచిత నవలకు నేను పెట్టే పరీక్ష ఇదే. భాగాల మధ్య ఎదురుచూపు తీసేసి, మొదటి నుంచి చివరిదాకా ఒకేసారి చదివితే నిలుస్తుందా? నిలిచేవి ఉన్నాయి. అవి వందల భాగాలు సాగేవి కావు, ఎక్కువగా ఇరవై ముప్పై భాగాల్లో ముగిసేవి.

ప్రేమ నవలల మీద నా ఫిర్యాదు ఇంకా పెద్దది. బలవంతపు పెళ్లితో మొదలై, చెయ్యెత్తే భర్తనో బెదిరించే యజమానినో యాభై భాగాల తర్వాత ప్రేమమూర్తిగా చూపే కథలు లెక్కలేనన్ని. అతని క్రూరత్వానికి కారణంగా ఏదో ఒక చిన్నప్పటి గాయం చెప్తారు. ఆమెకు తగిలిన గాయానికి మాత్రం లెక్క ఉండదు. పాఠకులు కోరుకుంటున్నది అదే కదా అంటారు. అరవైల మధ్యలో జ్యోతి మాసపత్రికలో వచ్చిన యద్దనపూడి ‘సెక్రటరీ’ని అంతకన్నా ఎక్కువమంది కోరుకున్నారు. అందులోనూ ధనవంతుడైన రాజశేఖరం ఉన్నాడు, అతని దగ్గర ఉద్యోగం చేసే జయంతి ఉంది. కానీ కథను లాక్కెళ్లింది జయంతి ఆత్మాభిమానం. ఆమె ఒప్పుకుంటుందా అన్నదే అక్కడి ఉత్కంఠ. నేను అడుగుతున్నది కొత్త సూత్రం కాదు, ఈ జాతి నవలల్లో ముందునుంచీ ఉన్న బలమే. కాలక్షేపం కథకు ఇంత పట్టింపు ఎందుకంటే, ఎక్కువమంది చదివేది అదే కాబట్టి. ఎనభైల తొలినాళ్లలో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి ‘తులసిదళం’ ఆంధ్రదేశాన్ని ఊపేస్తున్న కాలంలో చేతబడి నమ్మకాల్ని పెంచుతోందని రంగనాయకమ్మ తీవ్రంగా విమర్శించారు. ఆమెతో ఏకీభవించనివాళ్లు కూడా ఆ నవలను ఆ విమర్శతో కలిపే గుర్తుపెట్టుకున్నారు. కాలక్షేపం నవలను అంత శ్రద్ధగా చదవడం దానికి జరిగిన గౌరవమే.

కొత్తగా రాస్తున్నవాళ్లు, ముఖ్యంగా ఇల్లు చక్కబెట్టుకుని అర్ధరాత్రి రాసే స్త్రీలు నొచ్చుకుంటారన్న అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అరవైల్లో, డెబ్బైల్లో రచయిత్రుల నవలలను చదవకుండానే తీసిపారేసినవాళ్లు ఎందరో. మరోపక్క రచయిత్రి పేరుకున్న గిరాకీ చూసి మగవాళ్లు ఆడపేర్లతో రాశారు. చదవకుండా తీసిపారేయడం, చదవకుండా పొగడడం రెండూ అవమానాలే. నిజాయితీ అంటే కటువు కాదు. ‘చెత్త’ అన్న మాట కూడా ‘సూపర్’ అంత సోమరి మాటే. ఫలానా భాగంలో నమ్మకం పోయింది, ఫలానా మనిషి మాట బాగా కుదిరింది అని చెబితే రచయితకు పనికొస్తుంది. ఉదాహరణకు, రచయిత ఆండీ వీర్ ‘ది మార్షియన్’ నవలను మొదట తన సొంత సైటులో ఒక్కో అధ్యాయంగా ఊరికే పెట్టాడు. చదివినవాళ్లు అందులోని శాస్త్ర విషయాల్లో తప్పులు పట్టారు, అతను దిద్దుకున్నాడు. 2014లో పెద్ద ప్రచురణ సంస్థ దాన్ని అచ్చువేసింది, 2015లో సినిమా అయింది. తప్పులు చెప్పిన పాఠకులు ఆ రచయితకు శత్రువులు కాలేదు, జీతం తీసుకోని సంపాదకులయ్యారు.

మన తీరం నుంచి రాసేవాళ్లకు చెప్పాల్సిన మాట ఇంకొకటుంది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లా ఇది. తిత్లీ తుపాను 2018 అక్టోబరులో ఇక్కడి ఉద్దానం ప్రాంతపు కొబ్బరిచెట్లను కూల్చేసింది. అక్కడే కిడ్నీ జబ్బు ఇంటింటి కథ అయింది. పెళ్లి అయిన ఏడాదికే వలస వెళ్లే మగవాళ్లున్న ఊళ్లివి. ఇంతకన్నా ఉత్కంఠ, ఇంతకన్నా విరహం ఎక్కడ దొరుకుతాయి? అయినా నేను చదివిన ఉచిత నవలల్లో కథంతా పేరులేని నగరంలోని బంగళాలో, ఏ ఊరిదీ కాని యాసలో నడుస్తుంది. ఇది తప్పు కాకపోవచ్చు, పెద్ద నష్టం మాత్రం అవును. రాసేవాళ్లకు ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి.

కాబట్టి ఈసారి ఒక ఉచిత నవల పూర్తిచేశాక, దాన్ని రాసినవాళ్లకు మూడు వాక్యాలు రాయండి: ఎక్కడ బాగుందో, ఎక్కడ ఆపేయాలనిపించిందో, ఎందుకో.