రెండు పేర్ల మధ్య వాలుగీత

నా మొదటి కొలనోస్కోపీ రిపోర్టు చివరి లైనులో రెండు జబ్బుల పేర్లున్నాయి: "టీబీ / క్రోన్స్." ఆ కింద, క్లినికల్ కోరిలేషన్ అవసరం అని ఓ ముక్క. కోడు రాసి బతికేవాణ్ణి కాబట్టి వాలుగీత అంటే నాకు భాగహారం, లేదంటే ఫోల్డరుకి దారి. ఇక్కడ దాని అర్థం వేరు. ఇదైనా కావచ్చు, అదైనా కావచ్చు, తేల్చుకోవడం మీ పని అని. చిన్నపేగు వెళ్ళి పెద్దపేగులో కలిసే మలుపు దగ్గర నాలుగైదు పుండ్లు, చుట్టూ వాపు, దారి కాస్త ఇరుకు. కెమెరా చూసింది ఇంతే. మిగిలిందంతా పేరు గొడవ.

ఆ గీత చెరగడానికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలూ నొప్పితో పాటు నన్ను పట్టుకుని వదలని ప్రశ్న ఒకటుంది. తేలని జబ్బుకి పేరు చెప్పి తీరమని వైద్యుణ్ణి అడిగే హక్కు రోగికి ఉందా? ఉందనుకుంటే, అలా అడిగేటప్పుడు మనం అడుగుతున్నది నిజాన్నేనా?

అంతకుముందు ఏడాదిన్నరలో నాకు పేర్లకి కొదవ లేదు. గ్యాస్. అమీబియాసిస్. బయట తిండి. ఐబీఎస్. "సాఫ్ట్‌వేరా? అయితే స్ట్రెస్సే." పేరుకో స్ట్రిప్పు మాత్రలు. తిన్న గంటకి కుడివైపు పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి, సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడటం, రోజుకి ఐదారుసార్లు బాత్రూముకి పరుగు, తొమ్మిది కిలోల బరువు తగ్గడం, ఇవి మాత్రం ఏ పేరు పెట్టినా పట్టించుకోకుండా వాటి పని అవి చేసుకుపోయాయి. ఆ పేర్లన్నిట్లో నన్ను ఎక్కువ కుంగదీసింది స్ట్రెస్. మిగతావి నా పేగులకి జరుగుతున్నవి. ఇది నాకు నేను చేసుకుంటున్నది అన్నట్టు. చివరికి ఓ డాక్టరుగారు మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష రాశారు. వాపు ఉన్నచోటికి చేరే తెల్లకణాల్లో ఉండే ప్రొటీను అది. పేగులో నిజంగా వాపుంటే మలంలోకి దిగుతుంది. మామూలుగా 50 లోపు ఉండాల్సింది నాకు 900 దాటింది. ఆ అంకె చూసి సంతోషించాను. జబ్బు ఉందని రుజువైతే సంతోషపడటమేంటని ఇంట్లోవాళ్ళు విస్తుపోయారు. ఏడాదిన్నరపాటు అబద్ధాలకోరులా చూడబడ్డవాడికి ఒక సాక్షి దొరికితే ఎలా ఉంటుందో అలా ఉంది నాకు.

ఇక ఆ రెండు పేర్ల సంగతి. పేగుల టీబీ, క్రోన్స్ వ్యాధి రెండూ ఆ మలుపునే ఎక్కువ ఇష్టపడతాయి. రెండిట్లోనూ నొప్పి, జ్వరం, బరువు తగ్గడం. పుండ్లు అడ్డంగా ఉంటే టీబీ వైపు, నిలువుగా ఉంటే క్రోన్స్ వైపు మొగ్గుతారు. ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెడితే రెండిట్లోనూ కణాలు ముద్దకట్టి కనిపించవచ్చు. గ్రాన్యులోమా అంటారు. టీబీలో అవి పెద్దవిగా, ఒకదానితో ఒకటి కలిసిపోయి, మధ్యలో జున్నులా చితికి ఉంటాయి. క్రోన్స్‌లో చిన్నవిగా, విడివిడిగా. పాఠ్యపుస్తకంలో ఇది తేలికే. కానీ పట్టకారుతో తీసే ముక్క కొన్ని మిల్లీమీటర్లు. అందులో ఏ గ్రాన్యులోమా దొరక్కపోవడమే మామూలు. నాకూ దొరకలేదు. జీన్‌ఎక్స్‌పర్ట్ నెగెటివ్ వచ్చింది, కానీ పేగుల టీబీ నిజంగా ఉన్నవాళ్ళలో కూడా అది చాలాసార్లు నెగెటివే వస్తుంది. ఇగ్రా రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది, కానీ అది ఎప్పుడో ఆ క్రిమి ఒంట్లోకి వచ్చిందని మాత్రమే చెబుతుంది. మన దేశంలో పెరిగినవాళ్ళలో ఎంతోమందికి ఆ మాట వర్తిస్తుంది.

తప్పుగా తేలిస్తే ఏమవుతుంది? ఇక్కడే అసలు చిక్కు. క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇచ్చాక అది టీబీ అని తేలితే, రోగనిరోధక శక్తిని మనమే పడుకోబెట్టి క్రిమికి తలుపు తీసినట్టు. ప్రాణం మీదికి రావచ్చు. టీబీ అనుకుని మందులిచ్చాక అది క్రోన్స్ అని తేలితే, నెలల కాలం వృథా. కాలేయానికి దెబ్బ తగలొచ్చు, ఈలోపు పేగు ఇంకా ఇరుకైపోవచ్చు. రెండూ నష్టాలే గానీ సమానం కావు. అందుకే టీబీ ఎక్కువున్న మన దేశంలో, ఎటూ తేలనప్పుడు ముందు టీబీ మందులిచ్చి, రెండు మూడు నెలల తర్వాత మళ్ళీ లోపల చూడటం ఆనవాయితీ. పుండ్లు మానితే టీబీ. మానకపోతే క్రోన్స్. అమెరికాలోనో ఇంగ్లండులోనో పుట్టి పెరిగినవాడికి ఇవే పుండ్లుంటే టీబీ అన్న మాట జాబితాలో అడుగున ఎక్కడో ఉండేది. అదే పేగు, అవే పుండ్లు. పాస్‌పోర్టు మారితే పేరు మారే అవకాశం.

ఇందులో ఇంకో తమాషా ఉంది. టీబీ మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకి క్రోన్స్ ఉన్నవాళ్ళలో కూడా కొందరికి బాగున్నట్టే అనిపిస్తుంది. అందుకే "ఎలా ఉంది?" అన్న ప్రశ్నకి మనం చెప్పే జవాబుని లెక్కలోకి తీసుకోరు. కెమెరాతో పుండుని అడుగుతారు. పద్ధతి ప్రకారం అదే సరైనది, నేనైనా అదే చేస్తాను. యూజరు "ఇప్పుడు బానే ఉందండీ" అన్నంత మాత్రాన బగ్ పోయిందని టికెట్ మూసేయం కదా. అయినా నా ఒంటి గురించి నా మాట చెల్లకపోవడం అనుభవించి చూస్తే అంత సుఖంగా ఉండదు.

క్రోన్స్ అన్న పేరు పుట్టిందే టీబీ నీడలో. కోఖ్ 1882 మార్చి 24న బెర్లిన్‌లో క్షయ క్రిమిని ప్రకటించాక, క్షయలాగే కనబడుతూ క్రిమి దొరకని పేగులు శస్త్రవైద్యులని ఇబ్బంది పెట్టడం మొదలైంది. 1913లో గ్లాస్గో సర్జన్ కెనడీ డాల్జీల్ అలాంటి కేసులని వర్ణించాడు. క్షయలా ఉంది, క్షయ క్రిమి లేదు, పశువులకొచ్చే జోన్స్ వ్యాధిని పోలి ఉందన్నాడు. ఆ వ్యాసాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1932లో న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆసుపత్రి నుంచి క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ అనే ముగ్గురు 14 మంది రోగుల గురించి రాశారు. పేర్లు అక్షరక్రమంలో వేయడంతో క్రోన్ ముందొచ్చాడు, జబ్బు ఆయనదైపోయింది. మొదట సభలో దాన్ని టెర్మినల్ ఇలియైటిస్ అన్నారు, అంటే చిన్నపేగు చివరి భాగంలో వాపు అని. కానీ టెర్మినల్ అంటే చావుకి దగ్గరున్నదనే అర్థం కూడా వస్తుంది కదా. రోగులు హడలిపోతారని అచ్చులో రీజనల్ అని మార్చారు. పెద్దపేగులోనూ ఇదే జబ్బు రావచ్చని లండన్‌లో లాక్‌హార్ట్-మమరీ, మోర్సన్ స్థిరపరిచింది 1960లో. అంతకుముందు అలాంటి రోగుల్లో చాలామందిని అల్సరేటివ్ కొలైటిస్ ఖాతాలో వేసేవారు. వాళ్ళ పేగులు రాత్రికి రాత్రి మారలేదు. సరిహద్దు రాయి జరిగింది.

అయితే పేర్లన్నీ కల్పితాలేనా? కాదు. క్షయ క్రిమి నా నమ్మకంతో పనిలేకుండా ఉంటుంది, లేదా ఉండదు. "జబ్బులన్నీ మనిషి గీసిన గీతలే" అని తేలిగ్గా అనేసే వ్యాసాలు నేనూ చదివాను. వాటిని రాసినవాళ్ళు స్టెరాయిడ్ల చీటీ చేతిలో పెట్టుకుని మందుల షాపు ముందు నిలబడి ఉండరు.

గౌతముని న్యాయసూత్రాల్లో పదహారు పదార్థాలు చెబితే వాటిలో మూడోది సంశయం. దానికి భాష్యకారుడు వాత్స్యాయనుడు వాడిన ఉదాహరణ మనకి తెలిసిందే. మసక వెలుతురులో దూరంగా నిలువుగా ఏదో ఉంది. మోడా, మనిషా? ఎత్తు, నిలువు రెండిటికీ సమానం. తేడా చెప్పే గుర్తు, చెయ్యో కాలో, కనబడటం లేదు. నా రిపోర్టుకి ఇంతకన్నా మంచి వర్ణన నాకు దొరకలేదు. ఒక్క తేడా ఉంది. మామూలుగా దగ్గరికెళ్ళి చూస్తే సంశయం తీరుతుంది. ఇక్కడ కెమెరా ఆనించినంత దగ్గరికెళ్ళినా తీరలేదు. ఇక మిగిలింది రాయి విసిరి కదులుతుందేమో చూడటం. టీబీ మందుల కోర్సు అలాంటి రాయి. మోడైతే ఫరవాలేదు, మనిషైతే దెబ్బ తగులుతుంది. అందుకే రాయి విసిరే ముందు, ఆ దూరంగా నిలబడ్డది నేనే కాబట్టి, నన్ను అడగాలి కదా అనిపిస్తుంది. సూత్రాల వరసలో సంశయం తర్వాత వెంటనే వచ్చేది ప్రయోజనం, నిర్ణయం ఇంకా చాలా దూరాన తొమ్మిదోది. ఎందుకోసం తేల్చాలి అన్నది తేల్చడానికి ముందే రావాలని నేను అర్థం చేసుకున్నాను. శాస్త్రం చదివినవాళ్ళు కాదంటే కాదనొచ్చు.

చరకుడు ఇంకో మాటన్నాడు. రోగానికి పేరు చెప్పలేకపోయినందుకు వైద్యుడు సిగ్గుపడనక్కర్లేదు, అన్ని వికారాలకీ పేర్లు స్థిరంగా ఉండవు అని. సూత్రస్థానం 18వ అధ్యాయంలో ఉందిది. ఆ అధ్యాయం వాపుల గురించి కావడం కాకతాళీయమే గానీ, నాకు మాత్రం ముచ్చటేసింది. ఏ దోషం, ఎక్కడ, ఏ కారణాన చెడిందో చూసి చికిత్స చేస్తే చాలంటాడు. వైద్యుడి వైపు నుంచి ఇది గొప్ప మాట. రోగి వైపు నుంచి సరిపోదు. వైద్యుడు పేరు లేకుండా వైద్యం చేయగలడేమో, రోగి పేరు లేకుండా బతకలేడు. ఇన్సూరెన్సు ఫారంలో కోడు రాయాలి: క్రోన్స్ అయితే కె50, పేగుల టీబీ అయితే ఎ18.3. వాలుగీతకి కోడు లేదు. మేనేజరుకి సెలవుకి కారణం కావాలి. ఫోన్ చేసిన ప్రతి పిన్నికీ, మావయ్యకీ ఓ జవాబు చెప్పాలి.

ఇంట్లో ఎవరికి ఏ పేరు కావాలో వాళ్ళకుంది. అమ్మకి టీబీ కావాలి. "ఆర్నెల్లు మందులు మింగితే పోతుందిరా, ఆ రెండోది జన్మంతా ఉంటుందట." నాన్నకి క్రోన్స్ కావాలి. చెల్లికి సంబంధాలు చూస్తున్నారు. ఇంట్లో టీబీ అని తెలిస్తే గ్లాసు వేరుపెట్టే ఊరు మాది. పేగుల్లో మాత్రమే ఉంటే అది గాలి ద్వారా అంటదని ఎంత చెప్పినా వినేదెవరు? క్రోన్స్ అన్న మాట ఊళ్ళో ఎవరూ విని ఉండరు కాబట్టి దానికి చెడ్డపేరూ లేదు. నేను? రాత్రుళ్ళు టీబీనే కోరుకున్నాను. మన దేశంలో ఒక మనిషి టీబీ కోసం మొక్కుకునే పరిస్థితి వస్తుందని ఎవరైనా చెబితే నవ్వేవాణ్ణి. స్పష్టమైన నిర్ధారణ కావాలని నేను డాక్టర్లని వేధిస్తున్నప్పుడు, ఆ కోరికలో నిజం పట్ల ప్రేమ కొంతే. మిగిలింది బేరం.

డాక్టర్లలో నాకు ఇద్దరు గుర్తుండిపోయారు. ఒకాయన ఫైలు తిప్పి నాలుగు నిమిషాల్లో "క్రోన్స్, స్టెరాయిడ్ మొదలుపెడదాం" అన్నారు. ఎందుకు టీబీ కాదని అడిగితే, "నా ఇరవయ్యేళ్ళ అనుభవం" అన్నారు. ఆ చీటీ మందుల షాపు దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. రెండో ఆవిడ చీటీ వెనక పేగు బొమ్మ గీసి, పుండు ఎక్కడుందో గుర్తుపెట్టి, "నాకిప్పుడు తెలియదు" అన్నారు. ఆ మాట అక్కడితో ఆపితే నేను ఇంకో డాక్టర్ని వెతుక్కునేవాణ్ణి. ఆపలేదు. మందు ఎందుకిస్తున్నారో, మొదటి నెలలో కాలేయం పరీక్ష ఎప్పుడో, కళ్ళు పచ్చబడితే ఏం చేయాలో, మూడు నెలల తర్వాత ఏం కనబడితే ఎటు వెళ్తామో తేదీలతో సహా రాసిచ్చారు. మొదటాయన ఇచ్చింది పేరు, ఈవిడ ఇచ్చింది ఆకారం ఉన్న సందేహం. రోగికి హక్కుగా రావాల్సింది ఈ రెండోదేనని నా అభిప్రాయం. పేరు డాక్టరు చేతిలో లేకపోవచ్చు, ఇది మాత్రం ఉంటుంది.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది చిన్నది కాదు. సందేహం ఖరీదైనది. రెండో కొలనోస్కోపీ, సీటీ స్కాన్, సెలవులు, వీటన్నిటికీ నాకు జీతం ఉంది, కంపెనీ ఇన్సూరెన్సు ఉంది. టీబీ వార్డు వరండాలో నా పక్కన కూర్చున్న తాపీమేస్త్రీకి లేవు. టీబీ అంటే ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తుంది, నిక్షయ్‌లో పేరెక్కించుకుంటుంది, తిండికని నెలనెలా డబ్బు వేస్తుంది: 2018లో 500 రూపాయలతో మొదలైంది, 2024 నవంబరు నుంచి 1000. క్రోన్స్ అంటే ఏళ్ళ తరబడి మందులు, వాటిలో కొన్ని ఇంజెక్షన్లు డోసుకి వేలల్లో. ఆయనకి ఏ పేరు కావాలో అడగక్కర్లేదు. మూడు నెలల తర్వాత మళ్ళీ లోపల చూడమని అడగడానికి ఆయనకి డబ్బుల్లేవు. నొప్పి కాస్త తగ్గింది కాబట్టి టీబీయే అని ఆర్నెల్లు పూర్తిచేసి పనిలోకి వెళ్ళిపోతాడు. అతనికి ఆకారం ఉన్న సందేహం కావాలని నేను ఉపన్యాసం ఇస్తే ఎలా ఉంటుంది? అయినా నా మాట వెనక్కి తీసుకోను. ఉచితంగా మందులిచ్చేచోటే మూడో నెలలో కెమెరా పరీక్ష కూడా ఉచితంగా జరగాలి, పేరు తప్పైతే దారి మార్చే బాధ్యత పేరు పెట్టినవాళ్ళదే అంటాను. రోజుకూలి పోగొట్టుకుని వచ్చి "నాకు అనుమానంగా ఉంది సార్" అని ఆయనే అడగాలనుకోవడం అన్యాయం.

నా మూడు నెలలు పూర్తయ్యాక చూస్తే పుండ్లు అలాగే ఉన్నాయి. రిపోర్టులో ఒకే పేరు రాశారు. అమ్మ ఆ రోజు అన్నం తినలేదు. ఇప్పుడు రాసిన ఇంజెక్షను లోపల నిద్రపోతున్న టీబీని లేపగల రకం. ఇగ్రా పాజిటివ్ అని ఫైల్లో ఉంది కాబట్టి, అది మొదలుపెట్టే ముందు టీబీ రాకుండా మాత్రలు మింగాలట. ఈసారి కోర్సు ఎన్ని నెలలో, ఏ పరీక్ష ఏ రోజో డాక్టరుగారు చీటీ వెనక రాస్తుంటే, నాన్న ముందుకి వంగి ఒక్కటే అడిగారు: "ఈ మాత్రలకి నిక్షయ్‌లో పేరు ఎక్కిస్తారా అమ్మా?"