కాపలా లేని రాత్రి

సంక్రాంతి వెళ్లిన వారం, గుంటూరు నుంచి నంద్యాల వైపు పోయే రైలెక్కి కంభంలో దిగాను. సంచిలో దుప్పటి, రెండు సీసాల నీళ్లు, పులిహోర పొట్లం, టార్చిలైటు. గుడారం లేదు. పైన్ చెట్ల నడుమ, కొండల్లోని నీటి పక్కన రాత్రి గడిపిన మిత్రుల ఫొటోలు చూసి పుట్టిన కోరిక ఇది. పైన్ చెట్లు కావాలంటే అరకు దాకా పోవాలి. కొండా నీళ్లూ ఉంటే చాల్లే అనుకున్నా.

కంభం చెరువును ఉత్త చెరువు అనడం మన పెద్దల పిసినారితనం. రెండు కొండల సందులో గుండ్లకమ్మకు అడ్డంగా 57 అడుగుల ఎత్తున కట్ట వేశారు. విజయనగర కాలంలో, 16వ శతాబ్దంలో వరదరాజమ్మ కట్టించిందని అక్కడివాళ్ల మాట. 2020లో ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడాల్లో చోటు దక్కింది కూడా. కట్ట మీద కూర్చున్న నాకు మాత్రం మరో లెక్క తట్టింది. పోర్చుగీసు ఓడల్లో మిరప ఈ దేశానికి వచ్చిందీ ఆ శతాబ్దంలోనే. ఈ కట్టకు మట్టి మోసినవాళ్లు ఏ కారం నంజుకుని సంకటి తిన్నారో! అనాదిగా మాదేననుకునే ఎరుపు ఈ కట్ట ఈడుదే అన్నమాట.

చీకటి పడేవేళ వల సర్దుకుంటున్న పెద్దాయన నన్ను చూసి ఆగాడు.

"ఏం నాయనా, ఇక్కడేం కాపలా?"

"కాపలా ఏం లేదు పెద్దాయనా, ఊరికే పడుకుందామని."

"ఊరికేనా!" అని నవ్వాడు. "అడివి వైపు మటుకు పోమాక."

ఆ ప్రశ్న రాత్రంతా నాతోనే ఉంది. ఆరుబయట నిద్ర మా ఇంటికి కొత్తకాదు. మిరపకాయ కళ్లంలో ఉన్నన్నాళ్లూ నాన్న అక్కడే పడుకునేవాడు. మంచుకు కాయ రంగు చెడకుండా పొద్దుగూకగానే పట్టాలు కప్పి, గాలికి లేవకుండా అంచుల మీద రాళ్లు పెట్టి, పక్కనే నులకమంచం వాల్చేవాడు. చినుకు పడినా, కుక్క మొరిగినా లేవాల్సిందే. తడిసిన కాయ తెల్లబారి తాలులో కలిసిపోతే మిర్చి యార్డులో అడిగేవాడుండడు. ఒకసారి ఘాటుకు దగ్గుతూనే ఆయన పక్కన పడుకున్నాను. చుక్కలు చూపించమంటే ఆయన మబ్బు కోసం చూశాడు. ఆకాశంలో నాన్నకు కావలసింది ఒక్కటే, అక్కడ ఏమీ లేకపోవడం.

కంభంలో ఆ రాత్రి చుక్కలన్నీ నావే. కాపాడుకోవలసిన కాయ ఒక్కటీ లేదు. అయినా చేప ఎగిరితే లేచాను, ఆకు కదిలితే లేచాను. కళ్లంలో పాము తిరుగుతుందని తెలిసీ నాన్న ఏనాడూ దాని ఊసెత్తలేదు. కాయ మీద బెంగ ఆయనకు తన సంగతే గుర్తు రానిచ్చేది కాదేమో. నాకు కాపలా కాయడానికి నేనొక్కణ్ణే మిగిలాను. ఆ సరుకేమో ఏ పట్టా కిందా ఇమడలేదు.

ఎప్పుడు నిద్రపట్టిందో తెలీదు. తెల్లవారుజామున చెంపకు దుప్పటి తడిగా తగిలింది. కళ్లు తెరవకముందే నా చెయ్యి పట్టా అంచు కోసం తడుముకుంటోంది.