అల్పమైన లెక్క, అనంతమైన ఆకాశము

లోకమునందలి అన్యాయములు రెండు విధములు. పెద్ద అన్యాయములను గూర్చి న్యాయస్థానములును పత్రికలును విచారించును. చిన్న అన్యాయములను గూర్చి యెవరును విచారింపరు. నష్టపడినవాడు సైతము “పోనీలే” అని యూరకుండును. ఈ “పోనీలే” అనుమాట క్షమయా, భయమా, లేక సోమరితనమా? మాకు జరిగిన యొక స్వల్పవిషయమును పురస్కరించుకొని ఈ ప్రశ్నను విచారింపదలచితిమి.

మా నివాసము బరంపురము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేకరాష్ట్రముగా నేర్పడినప్పుడు ఈ పట్టణము మద్రాసు రాజధానినుండి విడిపోయి అందు చేరెను. మా తాతగారి యిల్లు కదలలేదు, రాష్ట్రమే మారినది. నాటినుండి మా పెద్దలు పిల్లలకు చెప్పు బుద్ధి యొకటి కలదు: “నలుగురిలో బతికేవాళ్ళం, చిన్నదానికి తగవు పెట్టుకోకండి.” ఇది మంచిమాటయే. కాని యెంత చిన్నదానివరకు ఈ మాట చెల్లునో పెద్దలు చెప్పలేదు.

గత వైశాఖమున ఒక దుకాణములో 1,850 రూపాయలకు టేబుల్ ఫ్యాను కొంటిమి. మూడవదినమున అది మూలుగుచు నాగిపోయెను. తిరిగి తీసికొనిపోగా, మొదటిదినమున యజమాని లేడనిరి. రెండవదినమున కంపెనీ మనిషి వచ్చి చూడవలెననిరి. మూడవమారు బిల్లు క్రింద “అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు” అని యున్న పంక్తిని చూపిరి. నాల్గవమారు 1,700 రూపాయలిచ్చి, అట్టపెట్టె చినిగినందున 150 తగ్గించితిమనిరి. పెట్టెను చించినది వారి మనిషియే! మేము కోపము పట్టజాలక, బల్లవద్ద నిలిచియున్న పనికుర్రవానిని పదిమందిలో “దొంగలు” అని కేకలు వేసితిమి. వానికి పదునెనిమిదేండ్లుండవచ్చును. ఆ సొమ్ము తగ్గించినవాడు వాడు కాడు. మారు పలుకక తల వంచుకొనెను. యజమాని తెలుగువాడే, మాకు ముఖపరిచయము గలవాడే. ఇంటికి రాగా పొరుగువారు, “మనవాడిమీదే రచ్చ చేస్తారా?” అనిరి.

ఉద్యోగవిరమణానంతరము మాకు మిగిలిన వినోదము విజ్ఞానశాస్త్ర డాక్యుమెంటరీలు చూచుట. చిన్ననాడు సినిమాహాలులో అసలు చిత్రమునకు ముందు ఫిలిమ్స్ డివిజన్ వారి రీళ్ళు వేయుచుండగా, తక్కినవారు వేరుసెనగకాయలకై బయటికి పోవుదురు. మేము కదలెడివారము కాము. 1990వ దశకపు తొలినాళ్ళలో దూరదర్శన్ ‘టర్నింగ్ పాయింట్’ కార్యక్రమమున ఆచార్య యశ్‌పాల్ గారు ప్రేక్షకుల ప్రశ్నలకు చెప్పు సమాధానములకై కాచుకొని కూర్చుండెడివారము. ఇప్పుడు మా మనుమడు అట్టి చిత్రములను టీవీలో పెట్టి చూపుచున్నాడు.

ఆ రాత్రి వాడు పెట్టిన చిత్రమున 1990 ఫిబ్రవరి 14న వాయేజర్-1 నౌక సుమారు 600 కోట్ల కిలోమీటర్ల దూరమునుండి తీసిన భూమి ఛాయాచిత్రము వచ్చెను. కార్ల్ సేగన్ అను శాస్త్రవేత్త కోరికపై తీసిన చిత్రమది. ఒక వెలుగుచారలో భూమి ధూళికణమువలె కనబడెను. దానిని చూచి మాకు సిగ్గు కలిగెను. ఆ కణముమీద బరంపురమెక్కడ, అంగడి యెక్కడ, మా నూటయేబది యెక్కడ! “పోనీలే” అనుకొని నిద్రించితిమి.

తెల్లవారుసరికి మనసొప్పలేదు. ఆకాశము పెద్దదైనందున నూటయేబది రూపాయల తప్పు లేనిదగునేని, ఆ కుర్రవానికి మేము చేసిన అవమానమును లేనిదే కావలెను. లక్షలు హరించినవాడును అదే ఛాయాచిత్రము చూపి తప్పించుకొనవచ్చును. ఆకాశమెంత పెద్దదైనను భూమిమీది బాకీలు తీరవు.

అంతేకాదు, ఆ ఆకాశమును మనకు తెలిపినవారు చిన్న లెక్కను విడిచినవారు కారు. మన ఒడిశాలోని ఖండపడాకు చెందిన సామంత చంద్రశేఖరులు (1835–1904) గ్రహనక్షత్రములు సిద్ధాంతగ్రంథముల లెక్కకు సరిగా కనబడకపోవుట గమనించిరి. వెదురుతోను కొయ్యతోను యంత్రములు తామే చేసికొని, కంటితో చూచి, కొలిచి, లెక్కలు సరిదిద్దిరి. ఆ కృషిఫలమైన ‘సిద్ధాంతదర్పణము’ 1899లో అచ్చయినది. ఇంగ్లండులో రేలీ ప్రభువు గాలినుండి తీసిన నైట్రోజను, రసాయనపదార్థములనుండి తీసినదానికంటె రెండువందలలో నొకవంతు మాత్రమే బరువుగా నుండుట చూచెను. “పోనీలే” అనలేదు. రామ్సేతో కలిసి వెదకగా, 1894లో ఆర్గాన్ అను వాయువు బయటపడెను. మనము పీల్చు గాలిలో అది నూటికి ఇంచుమించు ఒకపాలు కలదు. 1904లో వారిరువురకును నోబెల్ బహుమానములు వచ్చెను.

ఇది మాబోటి గుమాస్తాలకు క్రొత్త కాదు. జమాఖర్చులు కలియక ఇరువదియేడు రూపాయలు తేడా వచ్చినచో, జేబులోనుండి వేసి పుస్తకము మూయరాదు. తేడా తొమ్మిదిచే భాగింపబడిన, ఎచ్చటనో అరువదిమూడు ముప్పదియారుగా వ్రాయబడినదేమో యని వెదకవలెను. వెదకునప్పుడు ఎవరిపైనను కోపముండదు. తప్పు తన వ్రాతలోనే యుండవచ్చునని గుమాస్తా యెరుగును.

మా తప్పు మాకిచ్చట దొరికెను. విడువవలసినది కోపము, విడువరానిది లెక్క. మేము దీనిని తలక్రిందులు చేసి, కోపమును ఉంచుకొని లెక్కను వదలివేసితిమి.

మరునాడు అంగడికి పోయి మొదట ఆ కుర్రవానితో, నలుగురు వినుచుండగనే, “బాబూ, నిన్న నిన్ను అనరాని మాట అన్నాను, తప్పు నాది” అంటిమి. వాడు కంగారుపడి, “అయ్యో, పెద్దవారు, అలా అనకండి తాతగారూ” అనెను. పిమ్మట యజమానికి బిల్లు చూపితిమి. 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము ప్రకారము లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోపల, గడువు చెప్పనిచో ముప్పది దినములలోపల, తిరిగి తీసికొని సొమ్మీయ నిరాకరించుట అక్రమమనియు, అయిదులక్షలలోపు వెలగల సరుకునకు జిల్లా కమిషనులో రుసుము లేకయే ఫిర్యాదు చేయవచ్చుననియు నెమ్మదిగా చెప్పితిమి. ఆయన నవ్వి, “మనలో మనకి చట్టమెందుకండీ?” అనెను. “మనలో మనకి కాబట్టే లెక్క సరిగా ఉండాలి బాబూ” అంటిమి. ఆయన కొంతసేపాలోచించి నూరు రూపాయలిచ్చెను.

మిగిలిన యేబది మా చిట్టాపుస్తకమున ఆయన పేర బాకీగానే యున్నది. వారమున కొకమారు ఆ దారిన పోవునప్పుడు నమస్కరించి జ్ఞాపకము చేయుచున్నాము. కుర్రవాడు కుర్చీ వేయుచున్నాడు.