గడువు దాటిన నావికుడు

పసుపు పండించు ఏర్గట్లలో కూర్చుండి ఓడల మాట యెత్తుట చదువరులకు వింతగా తోచవచ్చును. మా పల్లెలవారు సముద్రమును విమానపు కిటికీలోనుండి చూచినవారే గాని ఓడ నెక్కినవారు అరుదు. అయినను గడువు దాటుట యన నేమో మాకు తెలియును. రెండేండ్లకు వచ్చెదనని దుబాయి పోయిన తండ్రి మూడవయేటను రాకున్న, ఆ సంగతి తరగతిలో కూర్చున్న బాలుని ముఖముననే కనబడును.

మేము విచారింపదలచిన ప్రశ్న యిది. ఒకడు చేయుట కొప్పుకొన్న కాలము ముగిసినది. అతని స్థానమునకు రావలసినవాడు రాలేదు. ఆ మిగులు దినము లెవరివి?

పూర్వము కడాయిలలో పసుపు ఉడికించు రాత్రులందు పొయ్యికడ నుండువాడు తన వంతు తీరినదని లేచిపోడు. పోయినచో మంట యారును, లేదా కొమ్ములు మితిమీరి ఉడికి చెడును. వంతువాడు నిద్రపోయిన వీడు మేలుకొనును. అది ధర్మమే. కాని మరునాడు ఆ వంతువాడే వచ్చి, నీవు మంచివాడవు గనుక రేపును నీవే యుండుమనినచో దాని నేమందుము?

ఓడలోని సంగతియు నిట్టిదే. ప్రతి నౌకకును ఇంతమందికి తగ్గరాదను నియమము గలదు. అంతమంది లేనిదే ఓడ రేవు విడువరాదు. నడిసముద్రమున నొకడు తగ్గిన తోడివారి ప్రాణములకే ముప్పు. కావున రిలీవరు రానిదే నావికుడు దిగడు. అతనిని కట్టివేయునది చాలవరకు అతని సద్బుద్ధియే. ఆ సంగతి యజమానికి బాగుగ తెలియును.

మాకును దీని రుచి కొంత తెలియును. ఒకప్పుడు మాకు బదిలీ యుత్తరువు వచ్చెను. బదులు ఉపాధ్యాయుడు వచ్చువరకు విడుదల లేదనిరి. ఏడు నెలలు గడచెను. పిల్లలను విడిచి పోజాలక యుంటిమి. వీడ్కోలు సభలో శాలువ కప్పి మా యోర్పును పొగడిరి. బదులువానిని పంపనివారి మాట యెవరును ఎత్తలేదు, మేమును ఎత్తలేదు. ఆ మౌనమునకు నేటికిని సిగ్గుపడుచున్నాము. అయినను సాయంకాలమునకు మాకు ఇల్లుండెను. నావికునకు అదియు లేదు.

2006లో అంతర్జాతీయ కార్మిక సంస్థ యామోదించిన నావిక కార్మికుల యొడంబడిక 2013లో అమలునకు వచ్చెను; మన దేశము 2015లో దానిని ధ్రువపరచెను. పండ్రెండు నెలలు నిండకమునుపే నావికునకు స్వస్థలము చేరు హక్కు కలుగవలెననియు, ఆ వ్యయము యజమానిదే యనియు అందలి విధి. 2020లో కోవిడు వ్యాపింపగా ఆ విధి నీటిపాలాయెను. ఆ యేటి చివరకు గడువు దాటియు ఓడలందే చిక్కుకొన్నవారు సుమారు 4 లక్షలు. చైనాలోని జింగ్‌టాంగ్ రేవు వెలుపల జగ్ ఆనంద్ అను బొగ్గు ఓడలో 23 మంది భారతీయులు జూన్ మొదలు మరుసటి జనవరి వరకు లంగరు వేసికొని నిలిచిరి. అది విపత్కాలము, సరే.

విపత్తు లేనినాడు, అందునను ప్రభుత్వమే యజమాని యైనచోట, ఏమి చెప్పుదుము? 1961లో షిప్పింగ్ కార్పొరేషను ఏర్పడినది మొదలు మన ప్రభుత్వమును ఓడలు నడిపినదే. విశాఖపట్టణమున కట్టిన స్వరాజ్ ద్వీప్ అండమానులకు ప్రజలను చేరవేసినది. వర్తకుడు ఆలస్యము చేసిన లోభి యందుము. ప్రభుత్వము ఆలస్యము చేసిన నావికునితో దేశసేవ యందుము. శాసించువాడును ఋణస్థుడును ఒక్కడే యైనపుడు పద్దు వ్రాయువా డెవడు? పై యొడంబడిక వర్తకము చేయు ప్రభుత్వ నౌకలకును వర్తించును గాని, యుద్ధనౌకలకును వాని సహాయక నౌకలకును వర్తింపదు.

అమెరికా నౌకాదళమునకు ఇంధనమును ఆహారమును మోయు మిలిటరీ సీలిఫ్ట్ కమాండు ఓడలలో పనిచేయువారు చాలవరకు సైనికులు కారు, సామాన్య నావికులు. నాలుగు నెలల పని పిమ్మట వారికి బదులు రావలెను. బదులువారు చాలక వీరు నిలిచిపోవుటయు, విసిగి కొలువు మానుటయు, అందుచే బదులువారు మరింత తగ్గుటయు జరిగెను. తుదకు 2024లో 17 ఓడలను నిలిపివేసి వాని సిబ్బందిని తక్కిన యోడలకు పంపుటకు నిర్ణయింపవలసివచ్చెను.

గడువు మీరిన దినములకు మామూలు జీతమే యిచ్చినచో ఆలస్యము యజమానికి నష్టము కాదు. ఆ దినముల వెల నానాటికి పెరుగవలెను. రిలీవరు ఏనాడు వచ్చునో వ్రాతమూలమున తెలుపవలెను. ఇది మా మతము. సేవకు లెక్కలు కట్టుట నీచమని మా మిత్రులగు నొక పండితులు కోపించిరి. భరతునికన్న మిన్నయగు సేవకు డెవడు? ఆయనయు లెక్క కట్టెను. పదునాలుగేండ్లు నిండిన నాడు రామచంద్రుడు కానరానిచో అగ్నిలో ప్రవేశింతునని ముందే చెప్పెను. శ్రీరాముడు దానిని అనుచితముగా నెంచలేదు. గడువు నిండిన నాడు భరద్వాజాశ్రమము చేరి, తాను బయలుదేరకమునుపే, వచ్చుచున్నానని చెప్పుటకు హనుమంతుని నందిగ్రామమునకు పంపెను. భరతుని మనస్సును కనిపెట్టి రమ్మనుటయు నందు గలదు గాని, అది వేరు విచారణ.