కప్పుటయు కరుణయేనా?

వికారాబాదునుండి తాండూరునకు పోవు రైలుదారిలోని ధారూరు చుట్టుపట్ల కూరగాయల నారు పెంచెడి రైతు, చైత్రము దాటి ఎండ ముదిరినంతనే, మడులమీద గుంజలు పాతి, తీగలు బిగించి, ఆకుపచ్చని షేడ్‌నెట్టు పరచును. తెల్లవారుజామున తూర్పునకు తిరిగి ఏ సూర్యునకు నమస్కరించెనో, జాము ప్రొద్దెక్కులోపల ఆ సూర్యునకే అడ్డము కట్టును. ఇందులో అపచార మేమైన కలదా యని ఆతడు శంకింపడు. శంకింపవలసినవారు వేదాంతము చదివినవారు. ఏలయన ఆవరణమనునది అజ్ఞానముయొక్క శక్తియనియు, తొలగింపదగినదనియు వారి శాస్త్రము చెప్పుచున్నది.

అయినను ఈశావాస్యోపనిషత్తులోని సాధకుని ప్రార్థన గమనింపదగినది. సత్యముయొక్క ముఖమును కప్పియున్న బంగారు మూతను తీయుమని సూర్యుడైన పూషుని వేడిన యాతడే, వెనువెంటనే, నీ కిరణములను ఉపసంహరింపుమనియు వేడును. మూత తీయవలెను, తేజస్సును తగ్గింపవలెను! శైవసిద్ధాంతులు ఇంకను ధైర్యముగా పలికిరి: సృష్టిస్థితిసంహారములతోపాటు తిరోధానమును కూడ శివుని పంచకృత్యములలో చేర్చి, జీవుని బంధించు మలము పక్వమగువరకు తన్ను మరుగుపరచుకొనుట ఆయన అనుగ్రహమునకు పూర్వరంగమే యనిరి. నేను వారి పక్షమువాడను.

కాని మరుగునకు కొలత కలదు. నూటికి 35, 50, 75 పాళ్ల వెలుతురు నాపెడి వలలు అంగడిలో దొరకును. టమాట నారునకు 50 పాళ్లది చాలును. 75 పాళ్లది కట్టినచో వెలుతురు చాలక నారు సాగిపోయి, పాలిపోయిన సన్నని కాడలతో చిన్న గాలికే వాలిపోవును. వల జారి ఆకులకు తగిలినచో ఆ తగిలినచోటనే ఆకు మాడును. ప్రక్కలు మూసినచో లోపలి వేడి వెలుపలికి పోవు దారిలేక ఉక్కయే నారును చంపును. నాటుటకు కొన్నిదినములు ముందు, మొదట ఉదయసాయంతనముల నీరెండలోను, పిమ్మట క్రమముగా మిట్టమధ్యాహ్నమందును వలను చుట్టివేయుచు, నీళ్లు తగ్గించుచు మొక్కను గట్టిపరతురు. పనితన మంతయు ఈ తీయుటలోనే యున్నది.

విష్ణుపురాణమున సూర్యుని తేజస్సు నోర్వలేని ఆతని భార్య సంజ్ఞ తన నీడయైన ఛాయను తన చోట నుంచి వెడలిపోయెను. పిమ్మట విశ్వకర్మ సూర్యుని సానబట్టి తేజస్సులో ఎనిమిదవ పాలు తగ్గించెను. పౌరాణికులు ఈ సానపట్టిన ముచ్చటనే విస్తరింతురు గాని, నాకు ఛాయ కథయే ముఖ్యముగా తోచును. కొంతకాలమునకై నిలిచిన నీడ ఇల్లాలై కూర్చుండి, తనకు బిడ్డలు కలిగిన పిదప సంజ్ఞ కొడుకైన యముని శపించినది. అవసరము తీరినను తొలగని నీడ ఇట్లే సవతితల్లి యగును. శిష్యుని జన్మాంతము తన మరుగుననే యుంచుకొను గురువులను ఈ దేశము చాలమందిని చూచినది.

ఆ ధారూరులోనే ఏటేట నవంబరు మాసమున మెథడిస్టు క్రైస్తవుల జాతర జరుగును. దూరగ్రామములనుండి వచ్చినవారు చెట్లక్రింద గుడారములు వేసికొని ప్రార్థనలలో దినములు గడుపుదురు. వారి బైబిలులోని యోనా ప్రవక్త కథ ఈ ప్రశ్ననే మరియొక వైపునుండి అడుగును. నీనెవె పట్టణము వెలుపల, దాని నాశనము కోరి కూర్చున్న యోనాకు దేవుడు ఒక్క రాత్రిలో సొరచెట్టును పెంచి నీడ నిచ్చెను. మరునాడే పురుగుచేత దానిని తొలిపించి, వడగాలిని పంపెను. చెట్టొకటి పోయినందుకే ఇంత విచారించు నీవు, లక్షా ఇరువదివేలకు మించిన జనమున్న నగరముపై నేను జాలిపడుట తగదనెదవా యని దేవుడు అడుగుటతో ఆ గ్రంథము ముగియును. యోనా ఏమి బదులు చెప్పెనో అందు లేదు. ప్రశ్న న్యాయమైనదే. అయినను, నారు పెంచెడివాడెవడును ఒక్క రాత్రిలో వలను లాగివేయడని, ఎండదెబ్బ తిన్న ఆ ప్రవక్త పక్షమున ఒక మాట చెప్పవలెనని నాకు తోచుచున్నది.