యాకోబు బండ్లకెత్తిన సామాను

వాక్యభాగము: ఆదికాండము 45:16–28, 46:1–7



మన పల్లెలలో తాళము పడిన యిండ్లు నానాటికి ఎక్కువగుచున్నవి. తండ్రి ప్రభువునందు నిద్రించెను. తల్లి ఒంటరిది. కుమారుడు హైదరాబాదులోనో విజయవాడలోనో రెండు గదుల వాటాలో కాపురమున్నాడు. తల్లిని తీసికొనిపోవలెను, మంచిదే. అయితే ఇక్కడి సామాను మాటేమి? నులకమంచములు, బల్ల, చేతుల కుర్చీ, ట్రంకుపెట్టెలు, ఇత్తడి బిందెలు, రోలు, తిరుగలి, అటకమీద ఏమేమున్నవో ఆ తల్లికి తప్ప ఎవరికిని తెలియదు. అమ్మవలసినదే. ఇంటి సామాను అమ్ముకొనుటకును బైబిలునకును ఏమి సంబంధమని అడుగుదురేమో. మన వాక్యభాగము ఆ సంగతినే చెప్పుచున్నది.

యాకోబు ఫరో యెదుట నిలిచినప్పుడు 130 సంవత్సరముల వృద్ధుడు. ఆ వయస్సున కనాను విడిచి ఐగుప్తునకు పోవలసి వచ్చెను. ఫరో బండ్లు పంపెను. ఇక్కడ శ్రేష్ఠమైనదంతయు మీదే గనుక అక్కడి సామానును లెక్కచేయక రండని కబురుపెట్టెను. దయగల మాటే. అయినను ఫరో ఆ వృద్ధుని గుడారములోనికి ఏనాడైన తొంగిచూచెనా? అందులో ఏమున్నదో ఆయనకేమి తెలియును? నేడు మన పిల్లలును ఆ మాటే అనుచున్నారు: “అమ్మా, ఆ పాత సామానెందుకే, అక్కడ అన్నీ కొత్తవి కొన్నాం గదా!” ప్రేమతోనే అందురు. అయితే 46వ అధ్యాయము ఆరవ వచనము చూడుడి. యాకోబు కుటుంబమువారు తమ పశువులనేగాక కనానులో సంపాదించిన సొత్తును కూడ తీసికొనిపోయిరి. రాజు వద్దన్నను ముసలివాడు తేదలచినది తెచ్చుకొనెను. గ్రంథము అందునిమిత్తము ఆయనను తప్పుపట్టలేదు.

మరియొకటి. ఆయన తిన్నగా ఐగుప్తునకు పోలేదు. బెయేర్షెబాలో ఆగి బలి అర్పించెను. వెళ్లుటకు భయపడకుమని దేవుడు రాత్రివేళ ఆయనతో చెప్పవలసి వచ్చెను. పాత బిందెను పట్టుకొని విడువని తల్లి పిసినారి కాదు. ఆమెకున్నది ఆ భయమే.

ఇది నేను ఆలస్యముగా నేర్చుకొన్న పాఠము. 2006లో మా తల్లిని మా యొద్దకు తెచ్చుకొంటిమి. నాకు సెలవు మూడు దినములే. ఆమెను ముందుగా బస్సెక్కించి, వెనుక నేనొక్కడనే నిలిచి సామాను తీసివేసితిని. పాత సామాను కొనువాడు కాటా తెచ్చెను. ఇత్తడి యంతయు తూకమునకు వేసితిని. అందులో ఒక పెద్ద గుండిగ యుండెను. దాని అంచున మా తండ్రి పేరును, 1968 అనియు చెక్కియుండెను. ఏటేటా క్రిస్మసుకు దానికి కళాయి పూయించి, మా తల్లి దానిని సంఘపు ప్రేమవిందుకు ఇచ్చెడిది. ఇది నాకు తెలియని సంగతి కాదు. ఆ అన్నము తిని పెరిగినవాడనే. అయినను ఆ దినమున నా కంటికది ఇన్ని కిలోలని మాత్రమే కనబడెను.

డిసెంబరు రాగానే ఆమె అడిగెను: “గుండిగ ఎవరింట పెట్టి వచ్చావురా?” నేను చెప్పితిని. చాలసేపు ఊరకుండి, “అడిగితే గుడికిచ్చేదాన్ని గదరా” అనెను. అంతే. నేను తిరిగి వెళ్లి విచారించితిని. అది అప్పటికే కరుగుటకు పోయెను. ఆమె 2011లో ప్రభువును చేరువరకు మరల ఆ మాట ఎత్తలేదు. ఎత్తి తిట్టినయెడల నాకు తేలికగా నుండెడిది.

అననీయ సంగతిని మనము అబద్ధమును గూర్చియే బోధించుచుందుము. అయితే అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయము నాల్గవ వచనమున పేతురు అతనిని అడిగినది గమనించుడి: అమ్మకముందు ఆ పొలము నీదే గదా, అమ్మిన పిమ్మట ఆ సొమ్ము నీ వశమందే యుండెను గదా అనెను. సంఘమునకు తేదలచిన ఆస్తిమీదనైనను అపొస్తలుడు యజమానుని అధికారమును ఒప్పుకొనెను. కడుపున పుట్టిన మనము మన తల్లికి ఆపాటి అధికారము ఉంచవద్దా?

ఇక బేరము మాట. అమెరికాలో ఇట్టి అమ్మకమును ఎస్టేట్ సేల్ అందురు. ప్రతి వస్తువునకు ధరచీటీ అంటించి, ఇల్లంతయు తెరచి రెండు మూడు దినములు అమ్ముదురు. కడపటి దినమున సగము ధరకే ఇచ్చివేయుట అక్కడ వాడుక. ఇంటివారు ఎదుట నుండక, జీతము పుచ్చుకొను వేరొకరిచేత అమ్మించుటయు కద్దు. మన పల్లెలో అట్టి మరుగు లేదు. కొనువాడు పొరుగువాడే. పనికిరాదని పెదవి విరిచి, కొనిపోయి వీధిలో గొప్పలు చెప్పుకొనువానిని సామెతలు 20:14 మనకు చూపుచున్నది. చదివినప్పుడెల్ల నాకు మా సంత గుర్తువచ్చును. అమ్మువానికిని న్యాయముండవలెను. బిందెకు ఓటియున్నచో ముందే చెప్పవలెను.

తిరుగటిరాతిని తాకట్టు పట్టరాదని ద్వితీయోపదేశకాండము 24:6 ఆజ్ఞాపించుచున్నది, అది ఒకని జీవనము గనుక. మిక్సీలు వచ్చిన ఈ దినములలో తిరుగలి కొనువారు అరుదు. కాని కుట్టుమిషను అట్టిది కాదా? దానితో బ్రదుకదగిన విధవరాలు మీ వీధిలోనున్నచో, వర్తకునికి చూపకమునుపు ఆమెను అడుగుడి.

గత నెలలో మా సంఘములో ఒక తల్లి కుమార్తె ఊరికి పోవలసి వచ్చెను. నా గుండిగ కథ చెప్పి, ఎవరిని పిలువకముందు ఆమెను పంచలో కూర్చుండబెట్టి, ఒక్కొక్క వస్తువు ఆమె యెదుటికి తెండని కుమారులతో చెప్పితిని. రెండు దినములు పట్టెను. మొదటి దినము మధ్యాహ్నమునకే పెద్ద కుమారునికి విసుగు పుట్టెను. ప్రతిదానికి ఒక కథ చెప్పుచుండెనాయె! మంచములు అమ్మించెను. బల్లను బడిపిల్లల కిమ్మనెను. ఎవరును కొనని తిరుగలిని గుడి ప్రక్కనున్న వేపచెట్టు క్రింద వేయించెను.

తన కొరకు ఆమె ఉంచుకొన్నవి బైబిలు, కీర్తనల పుస్తకము, సొట్టపోయిన ఒక చెంబు. పౌలు చెరసాలలోనుండి త్రోయలో విడిచిన అంగీని, పుస్తకములను తెమ్మని తిమోతికి వ్రాసెను గదా. ఆ చెంబును చూడగా నాకది జ్ఞాపకము వచ్చెను.

“ఆ సొట్ట చెంబెందుకమ్మా?” అని చిన్న కుమారుడు అడిగెను.

“ఎందుకో చెప్పాలా నాయనా?” అని ఆమె దానిని కొంగుతో తుడిచి సంచిలో వేసికొనెను.